పటమట దారుల్లో పాఠం

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల కొండ దగ్గర మేరీమాత తిరునాళ్లు జరుగుతాయి. ఆ సందడి సద్దుమణిగిన కొద్ది రోజులకే ఇంటర్ పరీక్షలు వస్తాయి, వాటి వెనకే పదో తరగతివి. ఈ రోజుల్లో బెజవాడ పిల్లల చేతిలో ఒక కాగితం ఊరంతా తిరుగుతుంది. అది హాల్ టికెట్. కొందరు దాన్ని ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ దగ్గర పెట్టించి, అంచుకు కాస్త కుంకుమ అంటించుకుని దిగుతారు. కొందరు గుణదలలో కొవ్వొత్తి వెలిగించి, దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. వీధి చివర ఆంజనేయస్వామి గుడిలో పెన్నులకు పూజ చేయించుకునేవాళ్లూ ఉన్నారు. కుంకుమ అంటిన హాల్ టికెట్టే గుణదల కొండ కూడా ఎక్కి రావడం మన ఊళ్లో వింతేమీ కాదు. తల్లి ఒకచోట మొక్కుకుని ఉంటుంది, అమ్మమ్మ మరొకచోట. పిల్లవాడికి రెండు మొక్కులూ తీర్చక తప్పదు.

ఈ పిల్లలకు మతం గురించి ఎవరు చెబుతున్నారు? ప్రభుత్వ బడిలో దానికి పీరియడు లేదు. ప్రైవేటు స్కూల్లో ఉన్నా దానికి మార్కులు లేవు. ఇంట్లో చెప్పేది ఇంటి పద్ధతి వరకే. అయినా పటమటలో పెరిగిన పిల్లవాడు పదో తరగతికి వచ్చేసరికి మూడు నాలుగు మతాల పండగలు, ఉపవాసాలు, పెళ్లి తంతులు, చావు తంతులు ఎంతోకొంత ఎరిగి ఉంటాడు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పినవి కావు. బడికి వెళ్లే దారిలో, పక్క బెంచీలో, పక్కింట్లో తెలిసినవి. ఆ దారి మెల్లమెల్లగా పిల్లలకు దూరమవుతోంది. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

పటమట ఒకప్పుడు బెజవాడ పక్కన పొలాల మధ్య ఊరు. ఇప్పుడు బెంజ్ సర్కిల్, ఫ్లైఓవర్లు, ఆటోనగర్ లారీల మోత, రైతుబజారు రద్దీ. ఈ రద్దీ నడుమ ఇన్ని చదువులున్న ఇరుకు రోడ్లు కోస్తాలో ఇంకెక్కడా లేవేమో. నిర్మలా కాన్వెంట్ పేరు మీద ఏకంగా ఒక రోడ్డే ఉంది. జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది. రింగ్ రోడ్డు మీదికి వస్తే 1962లో ఫ్రాన్సిస్కన్ సిస్టర్లు ఆడపిల్లల కోసం మొదలుపెట్టిన మేరీస్ స్టెల్లా కాలేజి. ఇంకాస్త ముందుకెళితే 1954లో జెస్యూట్ ఫాదర్లు తెరిచిన ఆంధ్ర లయోలా. మొగల్రాజపురం కొండ వైపు, కానూరు వైపు సిద్ధార్థ అకాడమీ వారి కాలేజీలు. 1975లో పుట్టిన ఆ సంస్థకు బుద్ధుడి తొలి పేరు పెట్టుకున్నారు. ఘంటసాల, జగ్గయ్యపేట, అమరావతుల్లో స్తూపాలు లేచిన గడ్డ మీద అది సహజమైన పేరే. ఆటోనగర్ దాపున గురునానక్ కాలనీ, అందులో గురుద్వారా. శివరాత్రికి యనమలకుదురు రామలింగేశ్వరుడి ప్రభలు. అదే బెంజ్ సర్కిల్ పక్కన, దేవుడే లేడని చెప్పే గోరా గారి నాస్తిక కేంద్రం. వీటన్నిటినీ ఒక మధ్యాహ్నంలో సైకిల్ మీద చుట్టి రావచ్చు.

కార్తీకం వచ్చిందంటే తరగతి గదుల రంగు మారుతుంది. మగపిల్లల్లో కొందరు అయ్యప్ప మాల వేసుకుని నల్ల బట్టల్లో, చెప్పుల్లేకుండా బడికి వస్తారు. భవానీ దీక్ష తీసుకున్నవాళ్లు ఎర్ర బట్టలు కడతారు. నలభై ఒక్క రోజులు ఆ పిల్లవాడిని పేరుతో పిలవరు. ఏడో తరగతి కుర్రాడైనా సరే 'స్వామీ' అనాల్సిందే. లెక్కల మాస్టారు 'స్వామీ, హోంవర్క్ ఏదీ?' అని అడుగుతారు. నిన్నటిదాకా చెవి మెలిపెట్టిన ఆయనే ఆ నలభై ఒక్క రోజులు చెయ్యి చేసుకోరు. మధ్యాహ్నం భోజనాల దగ్గర స్వామి పక్కన కూర్చున్న కరీమో, జాన్సనో తన డబ్బా మూత తెరిచే ముందు 'ఇవాళ గుడ్డు తెచ్చుకున్నా, అటు జరగనా?' అని అడుగుతాడు. అడగమని వాడికి ఎవరూ నేర్పలేదు. రంజాన్ నెలలో అటువైపు మాట ఇటు తిరుగుతుంది. నోట్లో మంచినీళ్లు పోసుకోబోయి, పక్కనున్నవాడి ఉపవాసం గుర్తొచ్చి, వరండాలోకి వెళ్లి తాగి వచ్చే పిల్లలున్నారు. ఈ మధ్య రంజాన్ సరిగ్గా పరీక్షల మార్చి నెలలో వస్తోంది. తెల్లారకముందే సహరీ ముగించుకుని, గుక్కెడు నీళ్లు లేకుండా మూడు గంటల ఫిజిక్స్ పేపరు రాసే అమ్మాయిని చూసిన స్నేహితురాలికి ఉపవాసం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

గుణదల తిరునాళ్లనే చూడండి. 1924లో ఆర్లాటి అనే ఇటలీ ఫాదర్ ఆ కొండ గుహలో మేరీమాత విగ్రహం నిలిపారు. ఫ్రాన్స్‌లోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న మాత దర్శనమైందన్న నమ్మకాన్ని బట్టి ఆ తేదీకి పండగ కుదిరింది. కానీ కొండ ఎక్కుతున్నవాళ్లను గమనించండి. తలనీలాలు ఇస్తున్నారు. కొబ్బరికాయలు కొడుతున్నారు. అందరూ క్రైస్తవులే కారు, అక్కడికి వచ్చేవాళ్లలో హిందువులు ఎందరో. లూర్దు నుంచి వచ్చిన మాతను ఇక్కడివాళ్లు తమకు తెలిసిన పద్ధతిలోనే కొలుచుకున్నారు. దీన్ని చూసి ముఖం చిట్లించే పండితులు రెండు వైపులా ఉంటారు. ఆ కొండ మెట్ల మీద తల్లి కొంగు పట్టుకుని ఎక్కిన పిల్లవాడికి మాత్రం, మనిషి మొక్కు ఎక్కడైనా ఒకేలా ఉంటుందని అక్కడే తెలిసిపోతుంది. అది పెద్ద చదువు.

ఇంకో దేశంలో ఇదే పని ఎలా చేస్తున్నారో చూస్తే మన తీరు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆస్ట్రియాలో గ్రాజ్ అనే నగరం ఉంది. నాలుగు విశ్వవిద్యాలయాలున్న విద్యార్థుల ఊరు. వాటిలో పాతది 1585లో మొదలైంది, దాన్ని నడపడానికి అప్పగించింది మన లయోలా కాలేజీని నడుపుతున్న జెస్యూట్లకే. ఆ దేశంలో బడుల్లో మతానికి టైంటేబుల్‌లో చోటుంది. 1949 నాటి చట్టం ప్రకారం, ప్రభుత్వం గుర్తించిన మతాల పిల్లలకు ఆయా మతాల పాఠం బడిలోనే చెబుతారు. కేథలిక్ పిల్లలు ఒక గదిలోకి, ప్రొటెస్టెంట్లు మరో గదిలోకి, ముస్లింలు ఇంకో గదిలోకి వెళతారు. ఇస్లాంకు అక్కడ 1912లోనే చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది, బౌద్ధానికి 1983లో. ఇష్టం లేకపోతే ఏటా బడి తెరిచిన కొత్తలో పేరు తీసేయించుకోవచ్చు. పద్నాలుగేళ్లు నిండిన పిల్లలు ఆ నిర్ణయం తామే తీసుకోవచ్చు. అలా మానుకున్న పై తరగతుల పిల్లలకు 2021 నుంచి నీతిశాస్త్రం తప్పనిసరి పాఠంగా పెట్టారు. అంతా పద్ధతి ప్రకారం నడిచే ఏర్పాటు. ఎవరి హక్కుకూ భంగం లేదు. నాకు మాత్రం ఆ గదుల దగ్గరే మనసు ఆగిపోతుంది. మతం గురించి మాట్లాడుకోవాల్సిన ఆ ఒక్క గంటలోనే ఒక తరగతి పిల్లలు మూడు నాలుగు గదుల్లోకి విడిపోతున్నారు. మన కాన్వెంటు బడుల్లోనూ కేథలిక్ పిల్లలకు క్యాటకిజం, మిగతావారికి మోరల్ సైన్స్ అని ఇలాంటి విభజనే చాలాకాలంగా ఉంది. ఆ గంట అయిపోయాక మళ్లీ అందరూ ఒకే బెంచీ మీదికి చేరతారు కనుక సరిపోతోంది.

మన రాజ్యాంగం వేరే దారి పట్టింది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండరాదని 28వ అధికరణం చెబుతుంది. ప్రభుత్వ గుర్తింపో, సాయమో ఉన్న సంస్థలో మతబోధ జరిగితే, ఇష్టం లేనివారిని, మైనర్లయితే తల్లిదండ్రుల సమ్మతి లేనివారిని, అందులో కూర్చోబెట్టరాదని కూడా చెబుతుంది. ఈ నియమం రూపుదిద్దుకుంటున్న రోజుల్లోనే, ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ కూర్చుంది. 1949లో ఇచ్చిన నివేదికలో ఆయన చెప్పింది ఇది: రోజూ కొద్ది నిమిషాల మౌనంతో చదువు మొదలుపెట్టాలి. డిగ్రీ మొదటి సంవత్సరంలో బుద్ధుడు, కన్ఫ్యూషియస్, సోక్రటీస్, ఏసు, శంకరుడు, మహమ్మద్, కబీర్, నానక్, గాంధీ వంటి వారి జీవితాలు చదివించాలి. రెండో ఏడు అన్ని మతాల గ్రంథాల నుంచి ఎంపిక చేసిన భాగాలు, మూడో ఏడు మత తత్వశాస్త్రం. ఒక మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి తెలియజెప్పడం వేరు అన్నది ఆయన పట్టు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ తేడాను ఒప్పుకుంది. అయినా ఆ సిఫారసు మన కాలేజీల గడప ఎన్నడూ సరిగా దాటలేదు. వేల డిగ్రీలు పుచ్చుకున్న మనవాళ్లలో పక్క మతం గ్రంథం ఒక్క పేజీ చదివినవాళ్లు ఎందరుంటారు?

చదువులోకి మతం వస్తే ఏమవుతుందో కృష్ణా జిల్లాకు కొత్తగా తెలియాల్సిన పని లేదు. 1843లో బందరులో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ బడి తెరిచారు. ఇంగ్లీషు చదువు కోసం అగ్రవర్ణాల పిల్లలు బారులు తీరారు. రోజూ బైబిలు పాఠంతోనే తరగతి మొదలయ్యేది. తల్లిదండ్రులు దాన్ని చూసీచూడనట్టు వదిలేశారు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే బడి దాదాపు ఖాళీ అయింది. కొన్నాళ్లకు పిల్లలు మళ్లీ వచ్చారు. ఎందుకంటే జిల్లాలో అంతటి చదువు చెప్పే చోటు మరొకటి లేదు. తరవాత అదే బందరులో హిందూ హైస్కూలు, హిందూ కాలేజి వెలిశాయి. 1910లో కోపల్లె హనుమంతరావు గారు ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. ఒకరి బడి మీద భయం కొద్దీ ఒకటి, ఇంకొకరి మీద పట్టుదల కొద్దీ ఒకటి. ఏ ఉద్దేశంతో పెట్టినా చివరికి లాభపడింది డెల్టా పిల్లలే.

బందరులోనే పుట్టి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు బ్రహ్మసమాజీకుడయ్యారు. నోబుల్ కాలేజీలో పాఠాలు చెప్పారు. తరవాత కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వెళ్లి, ఆడపిల్లలను చేర్చుకుని, దళిత విద్యార్థులకు అండగా నిలబడి ఒక తరానికి గురువయ్యారు. అదే కళాశాలలో తరవాతి కాలంలో వృక్షశాస్త్రం చెప్పిన యువకుడు గోపరాజు రామచంద్రరావు, మన గోరా. దేవుడి గురించి తన అభిప్రాయం రాసినందుకు 1933లో ఆయన ఉద్యోగం పోయింది. బందరు హిందూ కాలేజీలో చేరారు. విద్యార్థులకు ఆయనంటే ప్రాణం. కానీ అక్కడా అదే తీరు, 1939కల్లా బయటికి రావలసి వచ్చింది. రెండు కాలేజీలు వద్దన్న పంతులును ఒక పల్లె పిలిచింది. ఉయ్యూరు దగ్గరి ముదునూరు. 1940 ఆగస్టు 10న ఆ ఊళ్లో నాస్తిక కేంద్రం మొదలైంది. రాత్రి బడులు, సహపంక్తి భోజనాలు, అంటరానితనం మీద పోరు. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చే వేళకు గోరా, సరస్వతి దంపతులు పిల్లాపాపలతో, కేంద్రంతో సహా పటమట చేరారు.

గ్రాజ్ నగరానికీ ఇలాంటి కథే ఒకటుంది. గ్రహాల కదలిక సూత్రాలు కనిపెట్టిన కెప్లర్ 1594లో ఆ ఊరి ప్రొటెస్టెంట్ బడిలో లెక్కల పంతులుగా చేరారు. కేథలిక్ మతంలోకి మారనన్నందుకు 1600లో ఊరే విడిచి వెళ్లవలసి వచ్చింది. పంతులు నమ్మకం చూసి పంపేసిన ఊళ్లు చరిత్రలో చాలా ఉన్నాయి. పంతులు నమ్మకం తెలిసీ రమ్మన్న ముదునూరులు తక్కువ. ఈ ప్రాంతం వాళ్లు గర్వంగా చెప్పుకోదగిన సంగతి ఇది.

గోరా కథలో విద్యార్థులకు చెప్పవలసిన ఘట్టం ఇంకొకటుంది. దేవుణ్ణి నమ్మని ఆయన, రామనామం విడవని గాంధీజీ 1944లో స్నేహితులయ్యారు. గోరా తన పెద్దకూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి తలపెట్టినప్పుడు, సేవాగ్రామ్‌లో దగ్గరుండి జరిపిస్తానని గాంధీజీ మాట ఇచ్చారు. వధూవరుల ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పించడానికీ ఆయన ఒప్పుకున్నారు. ఆ రోజు రాకముందే గాంధీజీ హత్య జరిగింది. 1948 మార్చి 13న ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే అయింది. ఒకరు నమ్మినవారు, ఒకరు నమ్మనివారు, ఇద్దరూ తమ మాట వదలలేదు, ఒకరినొకరు వదులుకోలేదు. ఉప్పు సత్యాగ్రహం నాడు పుట్టినందుకు లవణం అని, యుద్ధం పేరు మీద సమరం అని పిల్లలకు పేర్లు పెట్టుకున్న ఇల్లు అది. లవణం గారు కవి జాషువా కూతురు హేమలతను పెళ్లి చేసుకున్నారు. ఆ ఇంటి ఆడపడుచు చెన్నుపాటి విద్య గారు రెండుసార్లు విజయవాడ ఎంపీగా గెలిచారు. కనకదుర్గమ్మ ఊరు, గుణదలమ్మ ఊరు, ఒక నాస్తికుడి కూతురిని లోక్‌సభకు పంపింది.

నాస్తిక కేంద్రం వాళ్లు నిప్పుల మీద నడక బహిరంగంగా చేసి చూపించేవారు. ఏ మంత్రమూ లేకుండా ఎవరైనా నడవచ్చని విద్యార్థులను పిలిచి నడిపించారు. బొగ్గు వేడిని నెమ్మదిగా వదులుతుంది, అడుగు దాని మీద నిలిచేది క్షణం పాటే, అందుకే కాలదు. ఫిజిక్స్ పుస్తకంలో ఉష్ణవాహకత పాఠం చదివి మార్కులు తెచ్చుకోవడం ఒక ఎత్తు, ఎర్రటి నిప్పుల అంచున చెప్పులు విప్పి నిలబడి ఆ పాఠాన్ని నమ్మడం ఒక ఎత్తు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలో రాసుకున్నాం. ఆ మాట పిల్లల దాకా ఇలా చేరాలి. అలాగని గుణదల మెట్లెక్కే తల్లిని ఎగతాళి చెయ్యడం పిల్లలకు నేర్పకూడదు. నిప్పుల మీద నడిచి వచ్చిన సాయంత్రం అమ్మతో కలిసి గుడికి వెళ్లిన పిల్లలు ఈ ఊళ్లో ఉండే ఉంటారు. ఆ పిల్లల మనసులో ఏం జరిగి ఉంటుందో ఆలోచిస్తే నాకు సంతోషంగా ఉంటుంది.

అంతా బాగుందని చెప్పడం మాత్రం అబద్ధమవుతుంది. బెజవాడలో మతం కన్నా ముందు అడిగే ప్రశ్న కులం. 1988 డిసెంబరులో కాపు నాయకుడు వంగవీటి మోహనరంగా హత్య తరవాత ఈ ఊరు ఎలా తగలబడిందో పెద్దవాళ్లకు గుర్తుంది. నెలల తరబడి ఆ మంటలు మనసుల్లో ఆరలేదు. ఇవాళ్టికీ కొత్తగా చేరిన విద్యార్థిని 'మీరేవిట్లు?' అని అడిగే అలవాటు పోలేదు. ఏ కాలేజీ ఎవరిదో, ఏ హాస్టల్లో ఎవరెక్కువో తల్లిదండ్రులే ముందుగా ఆరా తీస్తారు. గుణదల తిరునాళ్లలో కొబ్బరికాయ కొట్టిన చేతులే చర్చికి వెళ్లే పిల్లవాడి కులం లెక్క కట్టగలవు. అందుకే మత సామరస్యం అనే పెద్ద మాట కన్నా, పక్కవాడి డబ్బా ముందు గుడ్డు గురించి అడిగే ఆ చిన్న మర్యాద నాకు విలువైనదిగా తోస్తుంది. దాని వెనక ప్రసంగం లేదు, ఎదుటివాడి మీద గమనిక ఉంది.

ఈ గమనిక పెరగాలంటే పిల్లవాడు ఊళ్లో తిరగాలి. ఇక్కడే నా దిగులు. రెండు తెలుగు రాష్ట్రాల నలుమూలల నుంచీ బెజవాడకు పిల్లలు చదువుకు వస్తారు. పదిహేనేళ్లకు వచ్చి, పదిహేడేళ్లకు వెళ్లిపోతారు. ఆ రెండేళ్లూ వాళ్లు చూసేది నాలుగంతస్తుల భవనం, కిటికీలకు ఇనుప చట్రాలు, తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్, మధ్యలో మెస్. ఆదివారం వారాంతపు పరీక్ష. దసరా పది రోజులూ ఇంద్రకీలాద్రి చుట్టూ లక్షల జనం తిరుగుతుంటే, భవానీలు ఎర్రని వరసలో సాగుతుంటే, హాస్టల్ పిల్లలకు ఆ మైకుల శబ్దం మాత్రమే వినపడుతుంది. బెజవాడలో చదివాను అని ఉద్యోగ దరఖాస్తులో రాసుకుంటారు, ఈ ఊళ్లో ఒక్క వీధి పేరు చెప్పమంటే తడుముకుంటారు. ఎక్కడి నుంచో వచ్చిన ముస్లిం పిల్లవాడు తన పండగ రోజు నమాజుకు పంపమని వార్డెన్‌ను బతిమాలుకోవాలి. క్రైస్తవ అమ్మాయి ఆదివారం ప్రార్థనకు వెళ్లాలంటే ఔట్ పాస్ కావాలి. అయ్యప్ప మాల వేసుకుంటానంటే ఇప్పుడు కాదు, ర్యాంకు వచ్చాక చూసుకో అంటారు. ఇక పక్కవాడి పండగ చూడటం అన్న ఊసే లేదు. అన్ని మతాల పిల్లలూ ఒకే గదిలో పడుకుంటున్నారు, ఒకే మెస్‌లో తింటున్నారు, కానీ ఒకరి గురించి ఒకరు తెలుసుకునే తీరిక లేదు. ఎవరి మీదా ద్వేషం లేకుండానే ఎవరి గురించీ తెలియని తరం ఒకటి తయారవుతోంది. ఆ ఖాళీలోకి తరవాత ఫోన్లో వచ్చే మాట ఏదైనా సులభంగా దూరుతుంది. ఎదురుగా నిలబెట్టి పోల్చుకోవడానికి వాళ్ల దగ్గర ఒక కరీమూ లేడు, ఒక స్వామీ లేడు.

పగలు బడికి వెళ్లి సాయంత్రం ఇంటికి వచ్చే పిల్లల సంగతీ దీనికి దగ్గరగానే ఉంది. స్కూలు బస్సు ఇంటి ముందు ఎక్కించుకుని ఇంటి ముందే దించుతుంది. నడిచే పిల్లలకు దారిలో గుడి, చర్చి, మసీదు, పీర్ల చావిడి, పెళ్లి పందిరి, శవయాత్ర అన్నీ ఎదురయ్యేవి. బస్సు కిటికీలోంచి అవన్నీ ట్రాఫిక్ అడ్డంకులుగానే కనిపిస్తాయి.

యాజమాన్యాలు చెప్పే మాటలు నాకు తెలుసు. పిల్లలను బయటికి పంపితే ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత అంటారు. అది నిజమైన భయమే, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. సిలబస్ పూర్తి కాదంటారు. తల్లిదండ్రులే ఒప్పుకోరంటారు. ఇందులోనూ నిజముంది. లక్షలు ఫీజు కట్టిన తండ్రి తన కొడుకు ఆదివారం గురుద్వారా చూసి వచ్చాడంటే మెచ్చుకోడు, ఆ వారం టెస్టులో ఎన్ని వచ్చాయో అడుగుతాడు. ఈ మార్కుల పరుగు పిల్లలు మొదలుపెట్టింది కాదు. మనం మొదలుపెట్టాం, కాస్త తగ్గించవలసిందీ మనమే.

మతాన్ని కొత్త సబ్జెక్టుగా పెట్టమని నేను అడగడం లేదు. మన చేతిలో పడితే దానికీ ఒక గైడూ, బిట్ బ్యాంకూ వస్తాయి. 28వ అధికరణం గీసిన గీత మంచి గీత, దాన్ని చెరపవలసిన పని లేదు. ఊరు చెప్పగలిగే పాఠాన్ని ఊరి నుంచి వినే వీలు పిల్లలకు ఇస్తే చాలు.

అందుకే పటమట చుట్టుపక్కల బడులకు, కాలేజీలకు, ముఖ్యంగా హాస్టళ్లు నడిపేవారికి ఒక విన్నపం. నెలకొక ఆదివారం పరీక్ష మానేసి, ఇద్దరు మాస్టార్లను తోడిచ్చి పిల్లలను బయటికి తీసుకెళ్లండి. ఒక నెల ఇంద్రకీలాద్రి, ఒక నెల గుణదల, ఒక నెల కొండపల్లిలో షాబుఖారీ బాబా దర్గా, ఒక నెల గురునానక్ కాలనీ గురుద్వారా, ఒక నెల మొగల్రాజపురం గుహలు, ఒక నెల నాస్తిక కేంద్రం. వెళ్లిన చోట అక్కడివాళ్లనే మాట్లాడనివ్వండి, పిల్లల్ని అడగనివ్వండి. లోపలికి రాను, బయటే ఉంటాను అన్న పిల్లవాడిని బలవంతపెట్టకండి. జాతీయ గీతం వేళ నిలబడినా పాడని ముగ్గురు కేరళ పిల్లలను బడి నుంచి పంపేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. పిల్లల అంతరాత్మకు మన దేశంలో ఉన్న గౌరవం అంతటిది. దాన్ని మన హాస్టళ్లలోనూ కాపాడండి.

తల్లిదండ్రులకు మరో మాట. ఈ వేసవిలో అడ్మిషన్ల కోసం కాలేజీలు చూడటానికి వచ్చినప్పుడు ర్యాంకుల బోర్డు చూస్తారు, ఏసీ గదులు చూస్తారు, మెస్‌లో అన్నం రుచి చూస్తారు. వాటితోపాటు ఇంకొకటి కూడా అడగండి: మా పిల్లలను ఏ రోజు ఊళ్లోకి తీసుకెళతారు? పది మంది తల్లులు ఈ ప్రశ్న గట్టిగా అడిగితే, వచ్చే ఏడు ఆ కాలేజీ కరపత్రంలో దానికి జవాబు ఉంటుంది.